జిగురాకు

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పోయిన ఏడాది నా దగ్గరికొచ్చి, "మేడం, రోజూ రాసుకోడానికి మంచి కండిషనర్ ఏది?" అని అడిగింది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు వాళ్ళన్న ఫోన్లో చూసిందట. అందులో అమ్మాయి జడ విప్పితే జుట్టు జలజలా జారిపోతోందట. దీనికేమో దువ్వెన పెడితే సగంలో ఆగిపోతుంది. లాగితే గుప్పెడు జుట్టు దువ్వెనతో పాటే వచ్చేస్తుంది. సీసా కొనడానికి నూటయాభై రూపాయలు కూడబెట్టుకుంది. వాళ్ళ నాన్న పసుపు అమ్మినప్పుడు చేతిలో పెట్టిన డబ్బులవి.

నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని. జవాబు తెలిసే ఉండాలి. కానీ ఆ పిల్ల జుట్టు చేత్తో పట్టుకు చూసేసరికి మా అమ్మమ్మ వేళ్ళు గుర్తొచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. "ఆలోచించి చెబుతాను, డబ్బులు దాచుకో" అన్నాను.

మాది పాడేరు మన్యంలో కొండవాలు మీద ఉన్న చిన్న ఊరు. ఊరి కిందే గెడ్డ. వారానికోసారి అమ్మమ్మ నన్నూ మా చెల్లినీ గెడ్డలో బండ మీద కూర్చోబెట్టి తల రుద్దేది. ముందు రాత్రి నానబెట్టిన సీకాయతో రుద్దేది. పుస్తకాల్లో శీకాయ అని రాస్తారు, మా నోటికి సీకాయే. కుంకుళ్ళు దొరికిన రోజుల్లో కుంకుళ్ళు. ఆ రసం కంట్లో పడితే మేం పెట్టే కేకలు అవతలి ఊరికి వినపడేవి. అదయ్యాక అసలు పని మొదలయ్యేది. కొంగులో మూట కట్టి తెచ్చిన ఆకు నీళ్ళలో వేసి పిసికేది. పిసికే కొద్దీ నీళ్ళు చిక్కబడి, చెయ్యి పైకెత్తితే తీగలా సాగేవి. ఆ జిగురుని తల తడిగా ఉండగానే పైనుంచి కింది దాకా పట్టించి, వేళ్ళతోనే చిక్కు తీసేది. వేళ్ళు ఎక్కడా ఆగకుండా జారితేనే గెడ్డ నీళ్ళతో కడిగేది. ఆరాక రెండు చుక్కల వలిసెల నూనె. దువ్వెన పని అన్నిటికంటే చివర.

ఆ ఆకుని మా ఇంట్లో జిగురాకు అనేవాళ్ళం. చెట్టు పేరు నరమామిడి. దాని బెరడు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గిరిజన సహకార సంస్థ మన దగ్గర కొనే సరుకుల్లో అదొకటి. అగరుబత్తీల పిండి అతుక్కోడానికి వాడతారు. చెయ్యో కాలో బెణికితే మన ఊళ్ళలో నూరి పట్టు వేస్తారు. కండిషనర్ అన్న మాట అమ్మమ్మ ఎప్పుడూ వినలేదు. ఆ పనికి మా దగ్గర పేరు లేదు గానీ పని మాత్రం వారం వారం జరిగేది.

ఆరో తరగతికి నన్ను ఆశ్రమ పాఠశాలలో చేర్చారు. అక్కడ గెడ్డ లేదు, బోరు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, బకెట్టు గోడలకి తెల్లగా పొర కట్టేది. నెల మొదట్లో ఇచ్చిన ఒంటి సబ్బు పది పన్నెండు రోజుల్లో అరిగిపోయేది. ఆపైన తలక్కూడా బట్టల సబ్బే. అమ్మమ్మ నా ట్రంకు పెట్టెలో వలిసెల నూనె సీసా పెట్టి పంపింది. మొదటి వారంలోనే ఒక టీచరమ్మ క్లాసులో ముక్కు మూసుకుని, "ఎవత్తే ఆ నూనె కంపు?" అంది. అందరూ నా వైపు తిరిగారు. ఆ రాత్రి సీసా పట్టుకెళ్ళి బాత్రూముల వెనక ఒంపేశాను. మూత కూడా చీకట్లోకి విసిరేశాను, మళ్ళీ వెతుక్కోకుండా.

మూడు నెలలకి జుట్టు కొబ్బరి పీచయింది. అన్నీ చిక్కులు, ఆ చిక్కుల్లో పేలు. దసరా సెలవులకి ముందు జుట్టు కత్తిరించే ఆయన్ని పిలిపించి, మమ్మల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టి, నలభై మందికి పైగా చెవుల పైదాకా కత్తిరించేశారు. ఎవరినీ ఒక మాట అడగలేదు. కింద పడిన జుట్టంతా ఊడ్చి బస్తాలో ఎత్తారు. జుట్టుకి కూడా ధర పలుకుతుందని పెద్దయ్యాక తెలిసినప్పుడు నాకు మొదట ఆ బస్తానే కళ్ళ ముందు కనపడింది.

సంత రోజున అమ్మమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. గేటు దగ్గర నిలబడి నా వెనకున్న పిల్లల్లో నాకోసం వెతుకుతోంది. నేను తనకి ఎదురుగానే ఉన్నాను. "అమ్మమ్మా" అన్నాక గానీ పోల్చుకోలేదు. తల నిమిరి, "ఏటే, గొర్రెకి తీసినట్టు తీసీసినారు" అంది. కొంగు ముడి విప్పి జిగురాకు మూట బయటికి తీసింది. నా తల కేసి చూసి, మళ్ళీ ముడి వేసుకుంది.

ఆ తర్వాత జుట్టు పెరిగింది గానీ నేను జిగురాకు ముట్టలేదు. ఇంటర్‌కి విశాఖపట్నం వెళ్ళాక రూపాయి పాకెట్లు, బి.ఎడ్. లో ఉండగా సీసాలు. కండిషనర్ మొదటిసారి అప్పుడే కొన్నాను. నిజం చెప్పాలి, చాలా బాగా పనిచేసింది. ఈ వ్యాసం సీసాలని తిట్టడానికి రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే ఇక్కడే చెప్పేస్తున్నాను, అది కాదు నా ఉద్దేశం.

ఆ పిల్ల అడిగిన వారానికి నేను క్లాసులో బోర్డు మీద ఒక వెంట్రుక బొమ్మ గీశాను. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులాంటిది. పెంకులు ఒకదాని మీద ఒకటి కిందికి వాలి ఉంటాయి. అవి సర్దుకుని ఉంటే జుట్టు మెరుస్తుంది, జారుతుంది. సబ్బు క్షార గుణం కలది. అది తగిలితే పెంకులు లేచి నిలబడతాయి. లేచిన పెంకులు ఒకదానికొకటి తగులుకుంటే అదే చిక్కు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా మారి జుట్టుకే అంటుకుపోతుంది. బకెట్టుకి కట్టిన పొర మన తలకీ కడుతుందన్న మాట. సీకాయలోనూ కుంకుడులోనూ ఉండే సపోనిన్లు సబ్బులాగే నురగొచ్చి మురికి తీస్తాయి, కానీ వాటి రసం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది. పైగా గెడ్డ నీళ్ళలో సున్నం తక్కువ. అమ్మమ్మకి ఈ లెక్క తెలియదు, ఆవిడకి తెలిసింది గెడ్డ.

మరి కండిషనర్ ఏం చేస్తుంది? తల కడిగాక జుట్టు మీద రుణావేశం ఉంటుంది. సీసాలో ధనావేశం ఉన్న మైనం లాంటి పదార్థాలుంటాయి. అవి పోయి జుట్టుని అతుక్కుంటాయి. చాలా వాటిలో జారుడు కోసం సిలికాన్లు కూడా కలుపుతారు. ఆకు జిగురు పని వేరు. అది పొడుగాటి చక్కెర గొలుసులు నీటిని పట్టుకుని ఉండే పదార్థం. జుట్టు మీద పల్చటి పొరలా పరుచుకుని, వేళ్ళకీ దువ్వెనకీ దారి ఇస్తుంది. సీసాలోదంత గట్టిగా పట్టుకుని ఉండదు, కడిగితే చాలావరకు పోతుంది. అందుకే మెరుపు తక్కువ. కానీ రోజూ రాసుకున్నా బరువుగా పేరుకుపోదు. రోజూ వాడకానికి ఏది మంచిదని అడిగిన పిల్లకి ఇది ముఖ్యం.

"అయితే జుట్టు పెరుగుతుందా మేడం?" అని వెనక బెంచీ నుంచి ఒకతె. పెరగదు. తల బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. దానికి ఏం రాసినా అది పైపూతే.

ఈ మాట చెప్పాక నాకే ఒకటి తట్టింది. నన్నడిగిన పిల్లకి చిక్కు ఒక్కటే కాదు, జుట్టు ఊడుతోంది కూడా. కళ్ళ కింద రెప్ప లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. ఏఎన్ఎం అక్క దగ్గరికి తీసుకెళితే రక్తం తక్కువని తేలింది. వారానికొకటి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఏమయిందని అడిగితే తలొంచుకుంది. వికారం వస్తోందని కిటికీ లోంచి పారేస్తోందట. ఒక్కతే కాదు, సగం మంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే అలాగే ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకోవాలి. టీచర్లకి నాదొక మనవి. మాత్ర చేతిలో పెట్టి రిజిస్టరులో టిక్కు కొట్టి వెళ్ళిపోకండి, అన్నాలయ్యాక ఎదురుగా నిలబడి మింగించండి. గుప్పిళ్ళకొద్దీ జుట్టు ఊడే పిల్లకి ఏ ఆకూ ఏ సీసా జవాబు కాదు.

ఇక ఆకుల సంగతి. ఐదుగురు పిల్లలం, నాతో కలిపి ఆరుగురం, ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కొక్కటే వాడి చూశాం. అన్నిటికంటే ముందు తలకి బట్టల సబ్బు మానిపించాను. సీకాయ పొడో, అది లేనినాడు కొంచెం షాంపూనో. చివరి చెంబు నీళ్ళలో నాలుగు చుక్కల నిమ్మరసం. ఏ జిగురూ రాయకముందే, ఈ రెండిటితోనే సగం చిక్కు పోయింది. కొంచెం నిరాశ పడ్డారు పిల్లలు. ఆకు మహత్యం చూద్దామని వస్తే సబ్బు దగ్గరే కథ అయిపోతోందని.

మెంతులు బాగానే పనిచేశాయి. ఒక చెంచాడు రాత్రి నానబెట్టి నూరి వడగడితే చిక్కటి జిగురొస్తుంది. కానీ వాసన మర్నాటికీ పోదు. నూనె కంపు అనిపించుకున్న నాలాంటి దానికి ఆ వాసనతో ఒక పిల్లని క్లాసుకి పంపడం ఇష్టం లేదు. పైగా కొనాలి. కలబందలో మట్ట కోసిన వెంటనే కారే పసుపు రసం పూర్తిగా కారనివ్వాలి, అది ఒంటికి పడదు. ఒక పిల్లకి దురద వచ్చింది. అప్పటినుంచి ఏది కొత్తగా వాడినా మోచేతి లోపలివైపు రాసి ఒకరోజు ఆగి చూడటం మా నియమమయింది. గంజి ఎవరికీ నచ్చలేదు, ఆరాక అట్టకట్టింది. పల్చగా చేస్తే బాగుండేదేమో, మాకు ఓపిక లేకపోయింది.

జిగురాకు మాత్రం అన్నిటినీ ఓడించింది. మా ఊరినుంచి తెప్పించాను. పిల్లలు నీళ్ళు తీగలా సాగుతుంటే నవ్వులే నవ్వులు. కానీ అక్కడే నేను వెనక్కి తగ్గాను. మా ఊరి వాలు మీద నా చిన్నప్పుడు నరమామిడి చెట్లు చాలా ఉండేవి. బెరడుకి ధర వచ్చాక చుట్టూతా ఒలిచేశారు. చుట్టూ ఒలిస్తే చెట్టు బతకదు, ఆకులు చేసిన ఆహారం వేరుకి దిగే దారి తెగిపోతుంది. ఒలిచిందీ మనవాళ్ళే, అమ్ముకుందీ మనవాళ్ళే. ఆ సంవత్సరం ఇంట్లో బియ్యం లేకపోతే నేనైనా ఒలిచేదాన్నే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి హక్కు ఇచ్చింది. చెట్టే లేకపోతే ఆ హక్కు దేనిమీద? ఒక ఇంటికి నాలుగు గుప్పిళ్ళ ఆకు కోస్తే చెట్టుకి నష్టం లేదు. రెండొందల మంది పిల్లలున్న హాస్టలుకి రోజూ కావాలంటే మిగిలిన ఆ కాసిని చెట్లూ గుండు చేసినట్టవుతాయి. గుండు చేయించుకోవడం అంటే ఏంటో నాకు తెలుసు.

అందుకని మందారం ఎంచుకున్నాం. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది, కోసే కొద్దీ చిగురిస్తుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదిహేను ఇరవై ముదురాకులు శుభ్రంగా కడిగి ఒక చెంబు నీళ్ళలో గట్టిగా పిసకాలి. మిక్సీ వద్దు. పిప్పి నలిగిపోతే జుట్టులో ఇరుక్కుని దులుపుకోలేక చావాలి, మేం చచ్చాం. పల్చటి గుడ్డలో వడగట్టి, కడిగిన తడి జుట్టుకి పట్టించి, వేళ్ళతో చిక్కు తీసి, ఐదు నిమిషాలాగి కడిగేయాలి. తల రుద్దని రోజున కూడా కొసలకి కొంచెం రాసుకుని కడుక్కోవచ్చు. ఏ పూటది ఆ పూటే. నిలవ ఉంచితే పులిసిపోతుంది, పులిసింది తలకి పెట్టకూడదు.

సహజమైనదల్లా మంచిదనే నమ్మకం కూడా పిల్లల్లో తీసేయాల్సి వచ్చింది. పేలకి సీతాఫలం గింజలు నూరి పెడతారు మన ఊళ్ళలో. ఆ పొడి కంట్లో పడితే కంటి నల్లగుడ్డు దెబ్బ తింటుంది, మంటతో పిల్లలు గిలగిల్లాడతారు. అది చెట్టుదే కదా. విషముష్టి కూడా చెట్టుదే. పేలకి సన్న పళ్ళ పేలదువ్వెన, జిగురు పట్టించిన తడి జుట్టులో ఓపిగ్గా దువ్వడం, వారం పదిరోజులు వదలకుండా. అంతకంటే తేలిక దారి నేను చూడలేదు, కత్తెర తప్ప.

ఇదంతా చదివి, అమ్మమ్మల కాలమే బంగారమని మీకనిపిస్తే ఒక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి ఇంటికెళితే అమ్మమ్మ దండెం దగ్గర గుంజకి షాంపూ పాకెట్ల దండ వేలాడుతోంది. నాకు కోపం వచ్చింది. "ఇంటి వెనక సీకాయ పెట్టుకుని ఇవేంటి?" అన్నాను. ఆవిడ రెండు చేతులూ నా ముందు చాపింది. సీకాయ తీగకి ఒళ్ళంతా కొక్కేల్లాంటి ముళ్ళు. కోసేవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి గీతలు. "నీ తలకి సీకాయ కోసిందీ ఈ సేతులే, నీ పుస్తకాలకి సీకాయ అమ్మిందీ ఈ సేతులే. ముసిలిదాన్నయినాను. రూపాయి పాకెట్టు నా తలకొద్దేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ముళ్ళ లెక్క నేను మర్చిపోలేదు. ఆవిడ కోసి, ఎండబెట్టి, మూట మోసుకుని సంతకి దిగి అమ్మిన కాయ, పట్నం పోయి పొడి అయి, సీసా అయి, బొమ్మ వేసుకుని మన కిరాణా కొట్టుకే తిరిగొస్తుంది. మధ్యలో పెరిగిన ధరలో ఆవిడ వాటా ఎంతో మీరే ఊహించుకోండి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, శీకాయ పొడి తనే తయారు చేసి అమ్ముతుంది కూడా. మన యువతలో కొందరు సంఘాలు కట్టి పొడి కొట్టడం, పాకెట్లు కట్టడం నేర్చుకుంటున్నారు. వాళ్ళ దగ్గర పొడి కొనడం నాకు ఇష్టం. కానీ ముసలాళ్ళని ముళ్ళలోకి తోలి, మనం సహజం సహజం అనుకోవడం నాకు ఇష్టం లేదు.

అమ్మమ్మ పోయి నాలుగేళ్ళయింది. చివరి నెలల్లో మంచం మీద ఉన్నప్పుడు ఆవిడ తలకి నేను జిగురాకు పట్టించాను. జుట్టు పల్చగా, పత్తిలా ఉంది, చిక్కు లేదు, అవసరమూ లేదు. కళ్ళు మూసుకుని, "సల్లగున్నాది" అంది. ఆరాక వలిసెల నూనె రాయమంది. రాశాను. ఆ రోజు సాయంత్రం ఆ చేతుల్తోనే హాస్టలుకి తిరిగొచ్చాను, కడుక్కోకుండా.

మా బోరు పక్కన వాడుక నీళ్ళు పారే కాలవ పొడుగునా పిల్లలు మందారం కొమ్మలు గుచ్చారు. పదహారు బతికాయి. కొన్నిటికి పూలొస్తున్నాయి గానీ, ఆకుల కోసం ఎంత కోస్తున్నారంటే పాపం మొక్కలు ఎప్పుడు చూసినా అరగుండుతోనే ఉంటాయి.

నన్ను మొదట అడిగిన పిల్ల ఈ ఏడాది పదో తరగతికి వచ్చింది. నీలం మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటోంది. జుట్టు ఊడటం తగ్గింది. అక్క పెళ్ళికని ఆ నూటయాభైకి ఇంకొంచెం కలిపి సీసా కొనేసింది చివరికి, నాతో చెప్పకుండా. పెళ్ళి నుంచి తిరిగొచ్చాక సిగ్గుపడుతూ చూపించింది. ముందు వైపు పెద్ద ఎర్ర మందారం బొమ్మ. వెనక వైపు చిన్న అక్షరాల్లో పదార్థాల జాబితా. ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు రాస్తారని క్లాసులో చెప్పాను కదా, వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. మొదటిది నీళ్ళు.

"మేడం, మందారం పదహారోది. సెంటు తర్వాత."

ఇద్దరం నవ్వుకున్నాం. బాగుందా మరి అని అడిగితే, "చాలా బాగుంది మేడం, పెళ్ళిలో అందరూ నా జడే చూశారు" అంది. తర్వాత కాసేపాగి, "అయిపోయాక ఈ సీసాలో మన జిగురు పోసుకోవచ్చా?" అంది.

"పోసుకో. ఆ పూటకే" అన్నాను.